గృహవృత్తులు - పట్టణ నిబంధనలు

మన పట్టణములలో ఏ వీథికి పోయినను కొన్ని యిండ్లు కేవలము నివాసములుగా మాత్రమే యుండవు. ఒక యింటి ముందుగదిలో కుట్టుమిషను నడచుచుండును. ఒక యింటి వసారాలో సాయంకాలము పదిమంది పిల్లలు కూర్చుండి లెక్కలు చెప్పించుకొనుచుందురు. ఒక యిల్లాలు ఆవకాయయు అప్పడములును అమ్మును. ఒక వైద్యుడు నాడి చూచును. ఒక వకీలు తన కక్షిదారులతో మాటలాడును. వెనుకభాగమున వంట, ముందుభాగమున వృత్తి, నడుమ సంసారము. అయితే పట్టణ ప్రణాళికాశాఖవారి పటములో ఆ వీథికి పసుపురంగు పూయబడియున్నచో అది నివాసమండలము. నివాసమండలములోని యింటికి బేరగాండ్రును, పని చేయించుకొనువారును వచ్చిపోవు వృత్తి యేది యుండవచ్చును, ఏది యుండరాదు? ఈ ప్రశ్నకు సూటియైన జవాబును తమ పురపాలక కార్యాలయమునుండి పొందగలిగిన గృహస్థులు ఎందఱు? చిన్నదిగా కనుపించు ఈ ప్రశ్నలో అనేక కుటుంబముల యన్నమును, వారి యిరుగుపొరుగువారి నిద్రయు ఇమిడియున్నవి. కావున దీనిని గూర్చి మా యభిప్రాయమును పాఠకుల యెదుట నుంచుచున్నాము.

ఇంటియందు వృత్తి చేయుట మనకు నిన్న మొన్న వచ్చిన యాచారము కాదు. వీథిబడి పంతులుగారి యరుగుమీదనే నడచినది. కంసాలి కుంపటి యింటిలోనే వెలిగినది. చేనేత పనివాని మగ్గపు గుంట యింటి నట్టనడుమనే త్రవ్వబడినది. మగ్గము పోగా మిగిలిన చోటులోనే అతని సంసారము. నేటికిని ఆత్రేయపురమున స్త్రీలు తమ యిండ్లలోనే పూతరేకులు తీయుచున్నారు. 2023లో ఆ పూతరేకులకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. పోచంపల్లికి పోవువారు నేతగాని యింటిలోనికే పోయి, మగ్గము చూచి, చీర బేరమాడుదురు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ పోచంపల్లిని ప్రపంచములోని ఉత్తమ పర్యాటక గ్రామములలో నొకటిగా ఎన్నుకొన్నది. అంతకు మూడేండ్లు ముందే, 2018లో, తెలంగాణ ప్రభుత్వము అనేక గ్రామములను పురపాలక సంఘములుగా మార్చినప్పుడు ఆ యూరును పట్టణమైనది. గ్రామము పట్టణమగుట యనగా దీపములును, మురుగు కాలువలును వచ్చుట మాత్రమే కాదు. ఇంటికొక రంగును, వీథికొక మండలమును వచ్చుట. తాతనాటి మగ్గము కదలకుండ నున్నచోటనే యున్నను, దానిపై చట్టము చూపు మారును.

చట్టము చూపు ఎట్లు మారినదో కొంచెము వెనుకకు పోయి చూతము. 1920లో మద్రాసు రాజధానిలో రెండు చట్టములు పుట్టినవి. జిల్లా పురపాలక సంఘముల చట్టము, అపాయకరములును, ఇరుగుపొరుగులకు బాధాకరములునగు పనులను లైసెన్సు లేక చేయరాదని శాసించెను. అది యడిగిన ప్రశ్న యొకటే: ఈ పనివలన పొరుగువానికి కీడేమి? అదే సంవత్సరమున వచ్చిన పట్టణ ప్రణాళికా చట్టము వేఱొక ప్రశ్న నడిగెను: ఈ చోటు దేనికి? హైదరాబాదులో 1955 నాటి నగరపాలక సంస్థల చట్టమును, తరువాత 1975 నాటి పట్టణ ప్రాంతముల అభివృద్ధి చట్టమును ఈ రెండు ప్రశ్నలనే తమ తమ రీతుల కొనసాగించినవి. రెండును న్యాయమైన ప్రశ్నలే. తోళ్ల కార్ఖానా ప్రక్కన పిల్లల బడి యుండరాదని చెప్పుటకు పటము కావలసినదే. కాని రానురాను రెండవ ప్రశ్న మొదటి ప్రశ్నను మ్రింగివేసినది. పొరుగువానికి కీడున్నదా లేదా యని విచారించుటకు ఓపిక కావలెను. పటములోని రంగు చూచుటకు కన్ను చాలును. అధికారులకు సులభమైన మార్గమే ఆచారమైనది.

దీని ఫలితము సామాన్య గృహస్థునకు ఎట్లున్నది? అతని యిల్లు ఒకటియే. దానిని చూచు కార్యాలయములు నాలుగు. ట్రేడు లైసెన్సు ఒక శాఖ యిచ్చును. భూమి వినియోగమును పట్టణ ప్రణాళికాశాఖ చూచును. ఇంటిపన్ను నివాసమునకొక రీతిని, నివాసేతరమునకొక రీతిని రెవెన్యూ విభాగము కట్టును. కరెంటు మీటరు ఇంటి తరగతిలో నుండవలెనో, వ్యాపార తరగతిలో నుండవలెనో విద్యుత్తు సంస్థ నిర్ణయించును. ఒక కార్యాలయము లైసెన్సు రుసుము పుచ్చుకొని రసీదిచ్చిన వృత్తినే మఱియొక కార్యాలయము నిషిద్ధమని నోటీసు పంపవచ్చును. ఇట్టిచోట చట్టము తెలిసి నడచుకొనుట యెట్లు? స్పష్టముగా వ్రాయబడని నిబంధన అధికారి చేతిలో దయగాను, ఈర్ష్యగల పొరుగువాని చేతిలో కత్తిగాను మారును. గోడ తగవు వచ్చినంత కాలము పట్టని నిబంధన, తగవు వచ్చిన మఱునాడే జ్ఞప్తికి వచ్చును. నోటీసు అందుకొన్న స్త్రీ కచేరి మెట్లెక్కలేదు. ఎవరినో పట్టుకొని, ఎంతో సమర్పించి, మరల మిషను త్రొక్కుకొనును. ఆ సమర్పించినది ఏ ఖజానాకును చేరదు.

స్త్రీ యని ప్రత్యేకముగా చెప్పుటకు కారణము కలదు. బజారులో కొట్టు పట్టవలెనన్నచో అడ్వాన్సు కావలెను, నెలనెల అద్దె కావలెను, ఉదయమునుండి రాత్రివఱకు ఇల్లు విడిచియుండవలెను. ఒడిలో బిడ్డయు, మంచములో ముసలి అత్తగారునుగల యిల్లాలికి ఈ మూడును అసాధ్యములు. ఆమెకున్న కొట్టు ఆమె ముందుగదియే. ఆహారభద్రతా చట్టము క్రింద 2011లో చేయబడిన నిబంధనలు ఈ సంగతిని గుర్తించినవి. సాలుకు 12 లక్షల రూపాయలకు మించని వ్యాపారముగల చిన్న వంటవారు పెద్ద లైసెన్సు పొందనక్కఱలేదు, ఏటికి 100 రూపాయలు చెల్లించి పేరు నమోదు చేయించుకొన్న చాలునని చెప్పినవి. దేశపు చట్టము ఆమె పచ్చడి జాడీకి ఒక నంబరిచ్చి గౌరవించుచుండగా, ఊరి పటము ఆ జాడీ కొనవచ్చిన వానిని గడప దాటరాదనుట ఎంత విపరీతము!

ఈ విషయమున నిబంధనను చిరకాలము నిద్రపుచ్చి, ఒక్కనాడు లేపినచో నేమగునో ఢిల్లీ నగరము చూపినది. అచ్చట నివాసపు టిండ్లలో వ్యాపారములు దశాబ్దములుగా పెరుగుచుండగా పాలకులు చూచి చూడనట్లూరకుండిరి. 2006 ఫిబ్రవరి 16న సుప్రీముకోర్టు ఎం.సి. మెహతా వ్యాజ్యములో తీర్పు చెప్పి, నివాసగృహముల దుర్వినియోగమును నిలుపవలెనని ఆజ్ఞాపించెను. మార్చి నెలలో తలుపులకు సీళ్లు పడనారంభించినవి. వర్తకులు వీథులకెక్కిరి. సెప్టెంబరులో సీలంపూరులో పోలీసు కాల్పులు జరిగి ప్రాణనష్టము సంభవించెను. ఇంతలో పార్లమెంటు ఆ సంవత్సరమే ఒక ప్రత్యేక చట్టము చేసి సీళ్లను తాత్కాలికముగా నాపెను. ఆ తాత్కాలికము మఱియొక తాత్కాలికమునకు దారితీసి, పొడిగింపుమీద పొడిగింపుగా, 2023లో చేసిన సవరణతో 2026 డిసెంబరు 31 వఱకు సాగినది. ఒక్క యేడాది కని చేసిన యేర్పాటు ఇరువదియేండ్లు నిలుచుట పాలనాదక్షతకు నిదర్శనము కానేరదు.

ఐనను ఆ కల్లోలములోనుండి ఢిల్లీవారు కొంత మేలును సాధించిరి. రెండువేలకు మించిన వీథులను వర్తకమునకో, మిశ్రమ వినియోగమునకో తెఱచిరి. 2007 ఫిబ్రవరి 7న ప్రకటింపబడిన మాస్టర్ ప్లానులో, నివాసపు టింటి క్రింది యంతస్తున 20 చదరపు మీటర్లకు మించని చిన్న కొట్టులో కూరగాయలు, కిరాణా, దర్జీపని, ఇస్త్రీ, క్షౌరము, మందులు మొదలగు నిత్యావసరములు నడుపుకొనవచ్చునని వ్రాసిరి. ఆ యింట నివసించు వైద్యుడు, వకీలు, ఆడిటరు, వాస్తుశిల్పి మున్నగువారు అనుమతింపబడిన కట్టడపు విస్తీర్ణములో సగమునకు మించకుండ తమ వృత్తికి వాడుకొనవచ్చుననిరి. ఇది వ్రాతలో నున్నది, కొలతలో నున్నది, చదువుకొన్నవాడు చదివి తెలిసికొనవచ్చును. ఈ గుణమును మేము మెచ్చుకొనుచున్నాము.

కాని యిందును ఒక లోపము కలదు. చదువుల వృత్తులకు ఇంటిలో సగపాలు. చేతివృత్తులకు కొలిచి యిచ్చిన చిన్న కొట్టు, అదియు జాబితాలో పేరున్ననే. ఇట్టి భేదము ఢిల్లీకే పరిమితము కాదు. 1984లో సుప్రీముకోర్టు, న్యాయవాది కార్యాలయము కేరళ దుకాణముల చట్టముక్రింద వాణిజ్యసంస్థ కాదని తీర్పు చెప్పెను. ఆ తీర్పును మేము ఆక్షేపింపము. వకీలు గది బజారు కొట్టు కాదన్న మాట నిజమే. మేమడుగున దేమనగా, వకీలు గదికి రోజునకు వచ్చు కక్షిదారులకంటె దర్జీయమ్మ గదికి వచ్చు ఆడువారివలన వీథికి ఎక్కువ బాధ యేమి? కక్షిదారు కారులో వచ్చును. జాకెట్టు కుట్టించుకొను నామె కాలినడకను వచ్చును. పనిపేరు చూచి మర్యాద నిర్ణయించుట మన సంఘమునకు పాతరోగము. అది కొత్త పటములలోనికిగూడ ప్రాకరాదు.

ఇక పొరుగువారి పక్షమును విస్మరించువారము మేము కాము. ఇల్లు కొనుక్కొన్నవాడు ప్రశాంతతను గూడ కొనుక్కొన్నాడు. పదిమందితో ఆరంభమైన ట్యూషను నూఱుమంది కోచింగు కేంద్రమగుటయు, ఒక బల్లతో ఆరంభమైన వైద్యశాల పడకల ఆసుపత్రి యగుటయు, వీథి నిండ ద్విచక్రవాహనములు నిలిచి అంబులెన్సు కదలలేకపోవుటయు మన మెఱుగనివి కావు. అంతకుమించిన ఘోరములును జరిగినవి. 2023 నవంబరు 13న హైదరాబాదు నాంపల్లి బజారుఘాటులో కుటుంబములు నివసించు భవనపు క్రింది భాగమున నిలువ చేసిన రసాయనములంటుకొని తొమ్మిదిమంది మరణించిరి. 2024 జూలై 27న ఢిల్లీలో, సామానులకని అనుమతి పొందిన నేలమాళిగలో నడపబడుచున్న చదువుగదిలోనికి వాననీరు పొంగి ముగ్గురు విద్యార్థులు బలియైరి. 2025 మే 18న చార్మినారు చెంత గుల్జారు హౌజువద్ద, క్రింద కొట్లును పైన కాపురమునుగల యింట నిప్పుపుట్టి, బయటపడుటకు ఇరుకుదారి తప్ప వేఱొకటి లేక, పసిపిల్లలతో సహా 17మంది ప్రాణములు విడిచిరి. ఈ దుఃఖముల యెదుట, ఇంటిలో ఎవడేమి చేసికొన్న మనకేమి యని యెవరనగలరు?

అయితే ఈ యపాయములను విడివిడిగా పరిశీలింపుడు. నాంపల్లిలో చంపినది కాపురముల క్రింద దాచిన మండెడు ద్రవము. ఢిల్లీలో చంపినది నేలమాళిగ. గుల్జారు హౌజువద్ద దారి లేకపోవుట. వీనిలో ఏదియు గడపకు బేరగాడు వచ్చుటవలన కలిగినది కాదు. నాంపల్లి రసాయనముల నిలువకు బేరగాండ్రు గుమిగూడనక్కఱయే లేదు. అది చడి చప్పుడు లేకుండ నుండెను. పేరును రంగును చూచు నిబంధన కుట్టుమిషనును సులభముగా పట్టుకొనును, పీపాలను చూడదు. కీడును చూచు నిబంధన పీపాలవద్దకు ముందు పోవును. మన తనిఖీ అధికారుల కాలము పరిమితమైనది. దానిని ఆవకాయ జాడీల లెక్కకు వెచ్చించుట ప్రాణములతో చెలగాటము.

మండలవిభజన మిక్కిలి దృఢముగా పాతుకొన్న దేశము అమెరికా. న్యూయార్కు నగరము 1916లోనే అట్టి శాసనము చేసెను. 1926లో అచ్చటి సుప్రీముకోర్టు యూక్లిడ్ గ్రామపు వ్యాజ్యములో దానిని సమర్థించెను. ఆ దేశమునందే నాష్‌విల్ నగరము ఇంటినుండి వృత్తి చేయవచ్చును గాని యింటికి బేరగాడు రారాదని చిరకాలము శాసించినది. ఒక సంగీతపు రికార్డింగు గది నడుపువాడును, ఒక క్షౌరవృత్తి స్త్రీయు న్యాయస్థానమునకు పోయిరి. వ్యాజ్యము నడుచుచుండగనే 2020లో నగరసభవారు నిబంధనను సవరించి, రోజునకు ఆరుగురివఱకు రావచ్చుననిరి. ఆరు అను సంఖ్య మన కాదర్శము కానక్కఱలేదు. మన వీథుల యొత్తిడి వేఱు, మన యలవాట్లు వేఱు. గ్రహింపవలసిన దేమనగా, అచ్చటివారు సంపూర్ణ నిషేధమును విడిచి కొలతను పట్టిరి. కొలత యున్నచోట తగవు తగ్గును.

మా సూచనలు స్పష్టముగా చెప్పుచున్నాము. మొదటిది, వృత్తి చేయువారు ఆ యింటనే నివసించవలెను. రెండవది, ఇంటిలో సగమునకు మించి వృత్తికి వాడరాదు. నేలమాళిగ నెంతమాత్రము వాడరాదు. మూడవది, ఒక్కసారి ఎందఱు రావచ్చునో, ఎందఱు పనివారుండవచ్చునో వీథి వెడల్పునుబట్టి సంఖ్య నిర్ణయింపవలెను. నాల్గవది, వేళలు నియమింపవలెను. రాత్రి తొమ్మిది దాటిన తరువాత గడప గృహస్థునిదే. ఐదవది, పొగ, దుర్గంధము, పెద్దచప్పుడు, మండెడు వస్తువుల నిలువ ఎవరికిని, ఏ వృత్తివారికిని కూడదు. ఈ యైదింటికి లోబడిన వృత్తి, దాని పేరు ఏదైనను, అనుమతి కొఱకు కాచుకొనరాదు. పేరు నమోదు చేయించుకొనిన చాలవలెను. ఆ యొక్క నమోదునే నాలుగు కార్యాలయములును మన్నింపవలెను. హద్దు దాటి పెరిగినవారు బజారు వీథికి పోవుటకు తగిన గడువీయవలెను. ఫిర్యాదు వ్రాతమూలకముగా నుండవలెను; ఉభయుల వాదమును వినకమునుపు తలుపునకు సీలు పడరాదు. ప్రాణాపాయము ప్రత్యక్షముగా నున్నచో మాత్రము క్షణమైనను ఆగరాదు.

ఇట్లు తలుపులు తెఱచినచో ప్రతి వీథియు బజారగునని కొందఱు భయపడుదురు. ఆ భయము అకారణము కాదు. కాని నేడు వీథులను బజారులుగా మార్చుచున్నది చిన్నవారికిచ్చిన స్వేచ్ఛయా? పలుకుబడిగలవారు పసుపు వీథిలో అంతస్తులమీద అంతస్తులు లేపుచుండగా, ముందుగదిలో పనిచేసికొనువారు నోటీసులకు వడకుచున్నారు. కొలత వ్రాసియున్నచో పెద్దవానిని వేలెత్తి చూపుటకు పొరుగువానికి ఆధారము దొరకును. అద్దె చెల్లించు కొట్లవారికి అన్యాయమనువారు గూడ కలరు. సగము గదితో, లెక్కకు లోబడిన బేరముతో, ఇంటిలోని వృత్తి బజారు కొట్టును పడగొట్టజాలదు. పెరిగిననాడు అది తానే బజారునకు పోయి అద్దె చెల్లించును. నేటి పెద్ద కొట్లలో ఎన్ని ఒకనాడు అరుగుమీద పుట్టినవో మన పట్టణములలోని పెద్దల నడిగిన తెలియును.

ఈ నిబంధనలను చేయవలసినది యెవరు? రాజ్యాంగపు 74వ సవరణ 1993 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చినది. అది పురపాలక సంఘములకు అప్పగింపదగిన విషయముల పట్టికలో పట్టణ ప్రణాళికనే మొట్టమొదట వ్రాసినది. 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టము ప్రతి వార్డునకు యువకులు, స్త్రీలు, వృద్ధులు, ప్రముఖులు అను నాలుగు సంఘములను ఏర్పఱుపవలెననెను. ఆంధ్రప్రదేశమున 2019 అక్టోబరు 2న ఆరంభింపబడిన వార్డు సచివాలయములలో ప్రణాళికకు ప్రత్యేకముగా ఒక కార్యదర్శి నియమింపబడెను. సాధనములు లేవనుటకు వీలు లేదు. వీథి వెడల్పెంతయో, ఏ యింట ఏమి జరుగుచున్నదో, ఏది సహింపవచ్చునో, ఏది సహింపరాదో ఆ వీథివారికంటె రాజధానిలో కూర్చుండి పటము గీయువారికి ఎక్కువ తెలియదు. కొలతలను వార్డువారు బహిరంగముగా చర్చించి సూచింపవలెను. పురపాలక సంఘము తెలుగులో అచ్చువేసి గోడలకంటింపవలెను.

రాజ్యాంగపు 19వ అధికరణము ఏ వృత్తినైనను చేసికొను హక్కును పౌరునకిచ్చి, ప్రజాహితము కొఱకు సమంజసమైన కట్టుబాట్లుంచు నధికారమును రాజ్యమున కిచ్చినది. సమంజసమన్న యా యొక్క మాటలోనే మా వాదమంతయు నున్నది. తెలియని కట్టుబాటు సమంజసము కాదు. ఒకరికొకటియు వేఱొకరికి వేఱొకటియునగు కట్టుబాటు సమంజసము కాదు. పఠనాలయములలో దీనిని చదువు మిత్రులకు మా విన్నప మొకటి. మీ పట్టణపు మాస్టర్ ప్లానును చూపుడని పురపాలక కార్యాలయమున నడుగుడు. మీ వీథి యే రంగులో నున్నదో, ఆ రంగులో ఏ వృత్తికి చోటున్నదో వ్రాతపూర్వకముగా చెప్పుడనుడు. జవాబు వచ్చినచో దానిని పదిమందికి చదివి వినిపింపుడు. రానిచో మీ వార్డు సభ్యుని ఆ ప్రశ్నతోనే నిలువరింపుడు. తన గడపలో తాను కష్టించి బ్రతుకు గృహిణికి, తన గడపలో తాను నిశ్చింతగా నిద్రించు పొరుగువానికి ఒకే నిబంధన రక్షణ నీయగలదు. అట్టి నిబంధన వ్రాయబడువఱకు ఈ యిరువురిని ఒకరిపై నొకరిని ఉసికొల్పుచున్న దోషము పురపాలకులదే.